గెలిచినవాళ్ళ మనవలు

బాతెల్,
నవంబర్ 10

చిరంజీవి బ్రహ్మయ్యకు,

వదిన ఆశీస్సులు. ఫోన్లో నీతో మాట్లాడటం కంటే గోడతో మాట్లాడటం నయం. గోడ మధ్యమధ్య "ఊ" అని, లైను ఉందో పోయిందో అన్న అనుమానం పెట్టదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. "వాడి నోట్లోంచి మాట రాదు గానీ కలంలోంచి బారెడు వస్తుంది" అని మీ అన్నయ్య పక్కనుంచి అంటున్నారు.

ఉగాదికి మా ఆదివారం బడి పిల్లలు నాటకం వేయాలి. అది నువ్వే రాయాలి. నలభైమంది పిల్లలు. అందరూ స్టేజి మీద ఉండాలి, అందరికీ మాట ఉండాలి. మా దగ్గర ఇదే రాజ్యాంగం. నిరుడు రామాయణం వేస్తే సగం బడి వానరసేనలో తేలింది. "మా వాడికి తోక తప్ప డైలాగ్ లేదా ఆంటీ" అని ఒక తండ్రి దీపావళి దాకా నాతో మాట్లాడలేదు. కాబట్టి రామాయణం వద్దు, తోకలు వద్దు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అక్షరపందిరి అని అమెరికా అంతా శాఖలున్న తెలుగు బడుల సంస్థ ఒకటుంది. మా బడిని వాళ్ళలో కలపమంటున్నారు. పుస్తకాలు, పరీక్షలు, సర్టిఫికెట్, హైస్కూల్ మార్కుల్లో కలిసే క్రెడిట్ అన్నీ వాళ్ళే ఇస్తారు. పేరు కూడా వాళ్ళదే ఉంటుంది. ఇక్కడ వాళ్ళ తరఫున తిరిగేది రఘు అనే సాఫ్ట్‌వేర్ అబ్బాయి. అతని కొడుకు అనీష్ మా దగ్గరే చదువుతున్నాడు. రఘు మూడు మెయిళ్ళు పంపాడు. ఒక్కదానికీ జవాబివ్వలేదు. ఉగాది లోపల తేల్చకపోతే పక్క వీధిలోనే శాఖ తెరుస్తారట. తెరవనీ. పద్దెనిమిదేళ్ళుగా ఈ చర్చి బేస్‌మెంట్లో కుర్చీలు నేనే వేసి నేనే తీసి నడుపుకున్న బడి. నా కంఠంలో ప్రాణముండగా ఇవ్వను.

అది నా గొడవలే. నాటకం నీ గొడవ.

నీ వదిన,
వసంతలక్ష్మి


ప్లెయిన్స్‌బరో,
నవంబర్ 24

వదినగారికి నమస్కారాలు.

ఉత్తరం అందింది. ఇక్కడ మొదటి మంచు పడి మధ్యాహ్నానికి కరిగింది. మా అపార్ట్‌మెంట్ హీటర్ బాగుచేసి వెళ్ళారు.

అందరికీ మాట ఉండాలన్నారు. నేల మీది యుద్ధంలో సైనికుడికి మాట ఉండదు, అరుపే. ఓడలో అలా కాదు. ఎవడి పని వాడికుంటుంది, పని చేసేవాడు ఏదో ఒకటి అంటూనే ఉంటాడు. కాబట్టి నాటకం ఓడల మీద.

ఏడువందల ఏళ్ళ కిందట మంగోలు ఖాన్ జపాను ద్వీపానికి రాయబారులను పంపి లొంగిపొమ్మన్నాడు. ద్వీపంవాళ్ళు రాయబారుల తలలు నరికారు. ఖాన్ రెండు నౌకాదళాలు పంపాడు. ఒకటి కొరియా నుంచి, రెండోది దక్షిణ చైనా నుంచి. రెండూ దారిలో కలుసుకోవాలి. రెండోది ఆలస్యమైంది. కలుసుకున్నాక ఎక్కువ రోజులు మిగలలేదు, తుపాను వచ్చి ఓడలను ముంచేసింది. ద్వీపం బతికింది. ఇదీ జరిగినది. రెండో దళం వేళకు వచ్చి ఉంటే, తుపాను నాటికి సైన్యం ఒడ్డెక్కి కోటల్లో ఉండేది. ద్వీపం ఓడిపోయేది. ఇదీ నా నాటకం.

మందుల గోదాములో పనిచేసినన్నాళ్ళూ మధ్యాహ్నాలు లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. మంగోలుల అల్మరా దగ్గరి కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉండేది. వాళ్ళ గురించి తెలిసింది అలాగే.

జరగని చరిత్ర రాయడానికి నాకొక నియమం ఉంది. ఇంటికి ఒక్క మేకే పీకాలి. తక్కిన ఇల్లు ఉన్నట్టే ఉండాలి, ఎటు ఒరుగుతుందో చూడాలి. రెండు మేకులు పీకితే అది చరిత్ర కాదు, మన కోరిక.

చివరి రంగం అరవై ఏళ్ళ తర్వాత. ద్వీపాన్ని ఏలే ముసలి మంగోలు అధిపతి, చుట్టూ మనవలు. పిల్లలను పెంచింది ద్వీపం ఆయాలు, అందుకని వాళ్ళకు తాత భాష రాదు. ఆ ముసలి వేషానికి పదిహేను, పదహారేళ్ళవాళ్ళు కావాలి. చిన్నపిల్లలు మోయలేరు. మీ పెద్దపిల్లల్లో ఒకరిని చూడండి.

రంగాలు జతచేశాను. అన్నయ్యకు నమస్కారాలు.

బ్రహ్మయ్య


బాతెల్,
డిసెంబర్ 12

చిరంజీవి బ్రహ్మయ్యకు ఆశీస్సులు.

నాటకం చదివి వినిపించాను. మంగోలులు గెలుస్తారని తెలిసిన సాయంత్రమే తల్లిదండ్రులంతా ఫోన్లు. "మా వాడు మంగోల్ అయితే బెటర్ ఆంటీ, కాన్ఫిడెన్స్ వస్తుంది." చివరికి ద్వీపాన్ని కాపాడటానికి ఆరుగురు మిగిలారు. ఆరుగురూ కిండర్‌గార్టెన్. ఆ సైన్యాన్ని ఓడించడానికి నీ రెండో నౌకాదళం రానక్కరలేదు, మొదటిదాంట్లో వంటవాడు దిగినా చాలు.

ఏడేళ్ళ అదితి ఓడ తెరచాప కొయ్య మీద కాపలా. "నాకు ఏమీ కనబడటం లేదు" అన్నది దాని మాట. ఇంట్లో, కారులో, డెంటిస్ట్ దగ్గర అదే అంటోందట.

అసలు చిక్కు వేరే ఉంది. వేషాలకు చీట్లు వేశాం. రాయబారి వేషం అనీష్‌కి వచ్చింది. ఒట్టు, చీటీలోనే వచ్చింది. ఆ రాత్రే రఘు ఫోన్ చేశాడు.

"ఆంటీ, మా వాడి తల నరుకుతారటగా. నా మెయిల్స్‌కి రిప్లై అదే అనుకోమంటారా?"

"నరికేది అట్టకత్తితో నాయనా" అన్నాను.

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు బాతెల్లో ముగ్గురు కలిసిన చోటల్లా ఇదే మాట. వసంతలక్ష్మి ఆంటీ అక్షరపందిరివాళ్ళ తల స్టేజి మీద తీయిస్తోందట అని. కాబట్టి రాయబారిని బతికించు. ఖాన్ ఎలాగూ గెలుస్తున్నాడు, ఒక తల మిగిలితే ఏం పోయింది?

ముసలి అధిపతి సంగతి తర్వాత చూద్దాం. దూదిగడ్డం అంటిస్తే ఎవరైనా ముసలివాళ్ళే.

వసంతలక్ష్మి


ప్లెయిన్స్‌బరో,
జనవరి 3

వదినగారికి నమస్కారాలు.

రాయబారి బతకడం, నౌకాదళం వేళకు రావడం, రెండూ కుదరవు. రెండు మేకులవుతాయి. అందుకని మొదటి మేకు మళ్ళీ కొట్టేశాను. నౌకాదళం ఆలస్యమే. రాయబారి మాత్రం బతికాడు.

అప్పుడు ఏమైందో చెబుతాను. ద్వీపం రాజప్రతినిధి రాయబారులకు భోజనం పెట్టి, చలికాలం గడిచేదాకా ఉండనిచ్చాడు. వాళ్ళు ఊరికే ఉండలేదు. ఏ రేవు ఎంత లోతో చూశారు. ఏ ప్రభువుకు ఏ ప్రభువంటే పడదో తెలుసుకున్నారు. వసంతం వచ్చేసరికి సగంమంది ప్రభువుల ఇళ్ళలో ఖాన్ పంపిన పట్టు ఉంది. ఆ ఏడు ఓడలు యుద్ధానికి రాలేదు, సరుకుతో వచ్చాయి. తుపాను వచ్చిన రోజు అవి రేవు లోపల భద్రంగా కట్టేసి ఉన్నాయి. మరుసటి ఏడు వాటిలోంచి సైనికులు దిగారు. ఎదురు నిలిచినవాళ్ళు కొద్దిమందే.

తల నరికి ఉంటే ద్వీపం నిలిచేది. అన్నం పెడితే పోయింది. నేను ఇలా అనుకోలేదు. మేకు పీకి చూస్తే ఇల్లు అటు ఒరిగింది.

సరుకు దింపేటప్పుడు అందరికీ మాటలు పెట్టాను. ఎవరికీ తక్కువ కాలేదు.

దూదిగడ్డంతో కుదరదు. పెద్దపిల్లలు ఎంతమంది ఉన్నారో మీరు రాయలేదు.

బ్రహ్మయ్య


బాతెల్,
జనవరి 15

బ్రహ్మయ్యా,

నువ్వు నాటకం రాయలేదు. నాకు సలహా రాసి, దానికి గడ్డాలూ మీసాలూ అంటించావు.

ఏమిటి దీని అర్థం? రఘుని ఇంటికి పిలిచి అన్నం పెడితే బడి పోతుందనా? పెట్టకపోతే నేను తలలు నరికేదాన్ననా? చదివినప్పటినుంచీ నాకు మనసు మనసులో లేదు. నిన్న రిహార్సల్లో అనీష్ వచ్చి "ఆంటీ, ఇప్పుడు నేను చావను కదా, మరి స్టేజి మీద ఏం తింటాను?" అని అడిగాడు. వాడికి నాటకం అంతే. నాకు అంతే కాకుండా చేశావు.

మీ అన్నయ్యని అడిగితే "నీ ఇష్టం" అన్నారు. మీ వంశంలో మగవాళ్ళను చేసేటప్పుడు బ్రహ్మదేవుడికి అభిప్రాయాలు అయిపోయినట్టున్నాయి. నీకైనా ఒకటి మిగిలుంటే సూటిగా చెప్పు. బడి వాళ్ళకివ్వనా, వద్దా?

వసంతలక్ష్మి


ప్లెయిన్స్‌బరో,
జనవరి 27

వదినగారికి నమస్కారాలు.

నాటకం అడిగారు, రాశాను. అందులో ద్వీపం ఉంది, ఖాన్ ఉన్నాడు. మిమ్మల్ని నేను పెట్టలేదు.

బడి మీది. దూరాన కూర్చుని ఇవ్వమనడానికీ, వద్దనడానికీ నేనెవరిని.

ముసలి అధిపతి వేషం గురించి మూడోసారి అడుగుతున్నాను. మీ దగ్గర పెద్దపిల్లలు ఎంతమంది?

బ్రహ్మయ్య


బాతెల్,
ఫిబ్రవరి 16

చిరంజీవి బ్రహ్మయ్యకు ఆశీస్సులు.

ఒక్కరూ లేరు.

పన్నెండు నిండగానే మానేస్తారు. స్విమ్మింగ్, రోబోటిక్స్, మ్యాథ్ కాంపిటీషన్, ఆదివారం పొద్దున ఏదో ఒకటి వచ్చి పడుతుంది. పద్దెనిమిదేళ్ళలో ఎంతోమంది నా ముందు కూర్చుని లేచి వెళ్ళారు. హైస్కూల్ వయసులో కూర్చున్నవాళ్ళు లేరు. ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఫోటోల్లో మా పిల్లలు ఎప్పుడూ చిన్నవాళ్ళే, ముద్దుగా ఉంటారు, అందుకని ఎవరికీ తట్టలేదు. నువ్వు వేషం కోసం అడిగావు. నాకు మాత్రం అడిగిన ప్రతిసారీ ఎవరో తలుపు తోసినట్టుండేది.

ఆ వేషం ఎవరో ఒకరు వేయాలి కదా. గత శనివారం రఘుని ఇంటికి పిలిచాను. పెసరట్లు వేశాను. మొదటి అట్టు అయ్యేదాకా ఇద్దరం వాన గురించే మాట్లాడుకున్నాం. ఇక్కడ ఆ విషయానికి కొరత లేదు. తర్వాత అడిగాను, మీ సంస్థలో పదిహేను దాటినవాళ్ళు ఉన్నారా అని.

"ఉన్నారాంటీ. మీ చరితే ఉంది."

నీకు చరిత తెలియదు. ఏడేళ్ళప్పుడు కథ చెబితే తల్లిదండ్రులు కూడా గుమ్మంలో ఆగి వినేవాళ్ళు. పన్నెండో ఏట మానేసింది. ఇప్పుడు పదహారు. అర్థమవుతుంది, మాట్లాడదట. క్రెడిట్ కోసం పక్కూరు బెల్‌వ్యూలో అక్షరపందిరి క్లాసుకి వెళుతోంది.

"క్రెడిట్ కోసం నేర్చుకునేదీ ఒక భాషేనా రఘూ?" అన్నాను.

"క్రెడిట్ కోసమైనా ముందు నిద్ర లేవనివ్వండాంటీ. అది భాషో కాదో తర్వాత చూద్దాం. మీ బడికైతే ఆ టైముకి వాళ్ళు మంచం దిగలేదు కదా."

ఆ మాట గుచ్చుకుంది. అయినా ఇంకో అట్టు వేశాను.

ఆదివారం చరితను తీసుకొచ్చాడు. "హాయ్ ఆంటీ" అని నేల చూసింది. వేషానికి ఒప్పుకుంది. తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది.

ఇంకో పని చేశాను, కోప్పడకు. నువ్వు అంతా తెలుగులో రాశావు. తాత భాష పిల్లలకు రాదని చెప్పావు గానీ, ఇద్దరూ తెలుగే మాట్లాడుతుంటే చూసేవాళ్ళకు ఎలా తెలుస్తుంది? అందుకని తాత మాటలు తెలుగులో ఉంచి, మనవల మాటలు ఇంగ్లీషు చేశాను. ద్వీపం భాష ఇంగ్లీషు. ఇది మేకు పీకడం కాదు, సున్నం వేయడమే.

నీ వదిన


ప్లెయిన్స్‌బరో,
మార్చి 9

వదినగారికి నమస్కారాలు.

ఉన్న సంగతి రాసినందుకు సంతోషం.

మనవల చేత ఇంగ్లీషు మాట్లాడించడం నాకు తట్టలేదు. చదివాక లేచి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను. అలాగే ఉంచండి. తాత చివరి ప్రసంగం పొడుగనిపిస్తే కోయండి. కోయకుండా చెప్పగలిగితే బాగుంటుంది, కష్టపడి రాశాను.

నా అభిప్రాయం అడిగారు. అప్పుడు దాటేశాను. ఇప్పుడు చెబుతాను. బడి ఇవ్వకండి.

మీరు కొత్త పిల్లలను మొదటి మూడు నెలలు పుస్తకం ముట్టనివ్వరు. కబుర్లే చెప్పిస్తారు. అక్షరపందిరి పుస్తకం మొదటి పేజీలోనే అక్షరాలు, రెండో పేజీలో పరీక్ష. కలిసిన మూడేళ్ళకు మీ పద్ధతి ఉండేదని గుర్తున్నవాళ్ళు కూడా మిగలరు. గెలిచినవాళ్ళు మంచివాళ్ళే కావచ్చు. ఓడిన ఊరికి దాంతో ఒరిగేది లేదు. పెద్దపిల్లలు రాకపోతే పోనివ్వండి. నలభైమంది చిన్నవాళ్ళు తక్కువ కాదు.

ఇంతకంటే వివరంగా చెప్పడం నాకు చేతకాదు.

బ్రహ్మయ్య


బాతెల్,
ఏప్రిల్ 6

చిరంజీవి బ్రహ్మయ్యకు ఆశీస్సులు.

నాటకం అయింది. బడి ఇచ్చేశాను. రెండూ వరసగా చెబుతాను, మధ్యలో కాగితం పక్కన పెట్టకు.

హాలు నిండింది. అనీష్‌కి విందు రంగంలో నిజం పులిహోరే పెట్టించాను. వాడు తింటూ తన మాట మరిచిపోయాడు. ఆరేళ్ళ రాజప్రతినిధి కొంతసేపు చూసి "ఇంకా కావాలా?" అని సొంతంగా అడిగి కథ నడిపించాడు. అదితి కొయ్యెక్కి "నాకు ఏమీ కనబడటం లేదు" అని, వెంటనే "అమ్మ కనబడింది" అని చెయ్యి ఊపింది. అప్పటికి జనమంతా మనవాళ్ళయిపోయారు. ద్వీపం లొంగినప్పుడు ఆ ఆరుగురు చిన్నవాళ్ళకే చప్పట్లు ఎక్కువ. వాళ్ళ తల్లిదండ్రుల ముఖాలు చూడాలి.

చివరి రంగం. చరిత గడ్డంతో కూర్చుంది. తాను ఏ ఊళ్ళో పుట్టాడో, గడ్డిమైదానం ఎలా ఉండేదో తెలుగులో చెబుతుంటే, మనవరాలి వేషంలో ఉన్న ఇషా "గ్రాండ్‌పా, వాట్ ఆర్ యూ సేయింగ్?" అంది. హాలంతా నవ్వింది. తాత మళ్ళీ చెప్పాడు. మనవడి వేషంలో ఉన్న ఆశిష్ అదే ప్రశ్న అడిగాడు. ఈసారి కొందరే నవ్వారు. మూడోసారి ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒకాయన పక్కనున్న కూతురి వైపు తిరిగి చూశాడు.

అప్పుడు నీ పొడుగు ప్రసంగం రావాలి. చరితకు రాలేదు. నేను తెర పక్కనుంచి మొదటి మాట అందించాను. వినబడింది, నా వైపు చూసింది కూడా. కానీ అందుకోలేదు. తన మాటలు తనే వెతుక్కుంది.

"నేను గెలిచాను. కానీ నాతో మాట్లాడటానికి ఎవరూ లేదు."

అని లేచి లోపలికి వచ్చేసింది. తెర లాగేవాడికి ఏం చేయాలో తెలియలేదు. నీ ప్రసంగం బాగా రాశావు బ్రహ్మయ్యా, అబద్ధం చెప్పను. కానీ అది పోయినందుకు నాకు బాధ లేదు.

అందరూ వెళ్ళాక రఘు కుర్చీలు మడుస్తున్నాడు. దగ్గరికి వెళ్ళి సంతకం చేస్తానన్నాను. అతను చేతిలో కుర్చీ దించలేదు. నా షరతులు చెప్పాను.

"చిన్నవాళ్ళు మీకు. పేరు మీది, పుస్తకం మీది, పరీక్ష మీది. మొదటి మూడు నెలలు నేనెలా చెబుతానో మీ టీచర్లకి చూపిస్తాను. వింటే వినండి, లేకపోతే లేదు. పన్నెండు దాటినవాళ్ళు మాత్రం నాకివ్వాలి. అందరూ."

"వాళ్ళతో చాలా కష్టమాంటీ. ఫోన్‌లోంచి తల ఎత్తరు. మీరు చిన్నపిల్లలకి చెప్పడంలో స్పెషలిస్ట్ కదా."

"పద్దెనిమిదేళ్ళు అదే తప్పు చేశాను. వచ్చేవాళ్ళకే చెప్పాను."

"మరి మీ బడి బోర్డు?"

"అది దింపేది కూడా నువ్వే. నిచ్చెనెక్కితే నాకు కళ్ళు తిరుగుతాయి."

వాళ్ళ పెద్దలతో మాట్లాడి, నాలుగు రోజుల్లో సరేనని చెప్పాడు.

నువ్వు వద్దన్నావని తెలుసు. నన్ను ఒప్పించింది నీ నాటకమే. నీ ద్వీపం ఓడిపోయాక అక్కడి ఆయాలు తలుపులేసుకుని ఇంట్లో కూర్చోలేదు. గెలిచినవాళ్ళ ఇళ్ళలోకి వెళ్ళి పిల్లలను ఎత్తుకున్నారు. ఇల్లు వాళ్ళదే, పేరు వాళ్ళదే. అరవై ఏళ్ళ తర్వాత ఆ ఇంట్లో వినబడింది ఎవరి మాట? నువ్వే రాశావు. నాకు బోర్డు అక్కరలేదు, ఆ పిల్లలుండే గది కావాలి.

నీ వదిన,
వసంతలక్ష్మి


ప్లెయిన్స్‌బరో,
ఏప్రిల్ 20

వదినగారికి నమస్కారాలు.

ఉత్తరం పక్కన పెట్టకుండానే చదివాను. తర్వాత నాటకం ప్రతి తీసి మళ్ళీ చదివాను. కోపం లేదు. ఆయాల సంగతి నేను ఒక్క వాక్యంలో దాటిపోయాను. వాళ్ళ వల్లే కథ అలా ముగిసింది, వాళ్ళకు మాత్రం ఒక్క మాటా ఇవ్వలేదు. నలభైమందికీ మాట ఉందని లెక్క చూసుకున్నవాణ్ణి, అది చూసుకోలేదు.

బడి ఇవ్వకండి అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

చరిత అన్న రెండు వాక్యాలూ నాటకం ప్రతిలో రాసుకున్నాను. నా ప్రసంగం కొట్టేశాను.

పెద్దవాళ్ళకు కూడా పుస్తకం లేకుండానే మొదలుపెడతారా? ఎలా ఉందో రాయండి. ఇక్కడ చెర్రీలు పూసి రాలిపోయాయి.

బ్రహ్మయ్య


బాతెల్,
మే 11

చిరంజీవి బ్రహ్మయ్యకు ఆశీస్సులు.

మొదటి క్లాసు అయింది. చాలామంది రారనుకున్నాను, తొమ్మిదిమంది వచ్చారు. తొమ్మిదిమందీ నిద్రమొహాలే. గోడ మీద కొత్త బోర్డు, వంకరగా ఉంది. రఘుకి చెప్పాను.

క్రెడిట్ పుస్తకం తెరవలేదు. నాటకం చూసినవాళ్ళను చూడనివాళ్ళకు కథ చెప్పమన్నాను, ఏ భాష వస్తే ఆ భాషలో. చరిత చెప్పింది. సగం ఇంగ్లీషే, కానీ చేతులు మాత్రం ఏడేళ్ళప్పటిలాగే తిరిగాయి. చెప్పి చెప్పి మధ్యలో ఆగింది.

"ఆంటీ, ఆ తాత సిక్స్టీ ఇయర్స్ అక్కడే ఉన్నాడు కదా. మరి వాళ్ళ లాంగ్వేజ్ ఎందుకు నేర్చుకోలేదు?"

నేను నోరు తెరిచేలోపే గదిలో యుద్ధం మొదలైంది. కింగ్ కదా, ఈగో అన్నాడు ఒకడు. ముసలివాళ్ళకి కష్టం అంది ఇంకో అమ్మాయి. "మా నానమ్మ ఇంగ్లీష్ నేర్చుకుంది. నాతో మాట్లాడటానికి కాదు, స్టోర్‌లో కొన్నవి రిటర్న్ ఇవ్వడానికి" అన్నాడు ప్రణవ్. అందరూ నవ్వారు, వాడు నవ్వలేదు. "నాకోసం ఐతే నేర్చుకోలేదు" అన్నాడు. తర్వాత ఒక్కొక్కరూ వాళ్ళ వాళ్ళ ఇళ్ళ సంగతులు చెప్పడం మొదలుపెట్టారు. ఇంట్లోవాళ్ళు అన్న మాటలు చెప్పాలంటే ఇంగ్లీషులో రావు కదా, తెలుగులోకి దిగారు. తడబడ్డారు, ఒకరికొకరు అందించుకున్నారు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నీ దగ్గర నేర్చుకున్న విద్య.

వదిలిపెట్టేవేళ చరిత మళ్ళీ అడిగింది. రాసినాయననే అడుగుతానన్నాను. "ఆయన నిజంగా ఉన్నాడా?" అంది. కాబట్టి జవాబు నాకు కాదు, దానికే రాయి. విడివిడిగా, పెద్ద అక్షరాలతో రాయి. కూడబలుక్కుని చదువుతుంది.

నీ వదిన


ప్లెయిన్స్‌బరో,
మే 18

చరితకు,

నేను బ్రహ్మయ్యను. నిజంగానే ఉన్నాను.

తాత ఎందుకు నేర్చుకోలేదని అడిగావు. నాటకం రాసినన్నాళ్ళూ ఆ ప్రశ్న నాకు రాలేదు. తాత పక్కన కూర్చుని రాశాను. మనవల పక్కన కూర్చోలేదు. వాళ్ళకు కూడా తాతతో మాట్లాడాలని ఉంటుందని అనుకోలేదు.

తాత నేర్చుకోవచ్చు. కష్టం, కానీ నేర్చుకోవచ్చు. ఒకరోజు పొద్దున లేచి మనవరాలి దగ్గరికి వెళతాడు. మొదటి మాట ఏమంటాడు? తప్పుగా అంటాడు. ఆ పిల్ల నవ్వుతుందా? ఏమని జవాబు చెబుతుంది? ఏ భాషలో చెబుతుంది?

అది రాయాలంటే మనవరాలు ఎలా మాట్లాడుతుందో తెలియాలి. నాకు తెలియదు. నీకు తెలుసు.

ఆ రంగం నువ్వు రాయి. తెలుగులో రాయి. రాని చోట ఇంగ్లీషు పెట్టు. రాసి నాకు పంపు. నేను దిద్దను. చదువుతాను.

బ్రహ్మయ్య